ప్రాణహిత ఎముకలు: గీసేవారి దారి

డైనోసార్ అస్థిపంజరాన్ని ఎదుట పెట్టుకుని బొమ్మ గీయాలనుకునే తెలుగువారికి మొదటి మజిలీ హైదరాబాద్ నౌబత్ పహాడ్. బిర్లా మందిరం పొరుగున, అదే కొండ మీద ఉన్న బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ నిలబడి ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలవి. అక్కడి నుంచి దారి ఉత్తరాన ప్రాణహిత లోయకు, నది దాటి మహారాష్ట్రలోని సిరొంచకు, చివరకు హౌరా రైలెక్కి కోల్‌కతాకు పోతుంది. ఈ దారిలో ఒకే లోయ ఎముకలు మూడు స్థితుల్లో కనబడతాయి: చట్రం మీద నిలబెట్టినవి, మట్టిలో ఇంకా పడి ఉన్నవి, పరిశోధకుల బల్ల మీద విడివిడిగా పరచినవి. బొమ్మ గీసేవారికి మూడూ కావాలి. నిలబెట్టిన అస్థిపంజరాన్ని మాత్రమే చూసి గీసినవారు అందులో ఎముక ఎంతో, ఊహ ఎంతో తెలియకుండానే ఇంటికి తిరిగివస్తారు.

కోటాసారస్‌కు శాస్త్రీయ నామం పెట్టి 1988లో లోకానికి పరిచయం చేసినవారు పి.యాదగిరి. పేరు మొదటి భాగంలో కోట గ్రామం ఉంది, యామనపల్లియెన్సిస్ అన్న రెండో భాగంలో ఎముకలు దొరికిన ఊరు ఉంది. తవ్వకంలో సుమారు 840 ఎముకలు, ఎముకల ముక్కలు బయటపడ్డాయి. అవి ఒక్క జంతువువి కావు, కనీసం 12 జంతువులవి. మ్యూజియంలో నిలబడిన ఆకారం వాటి నుంచి ఏరి కూర్చినది. తొడ ఎముక ఒకదానిది, నడుము పూస మరొకదానిది కావచ్చు. ఇంకా పెద్ద సంగతి తలది. కోటాసారస్ పుర్రె దొరకలేదు, దొరికినవి రెండు పళ్లే. మెడ చివర కనిపించే తల దగ్గరి బంధువులైన జంతువుల పోలికతో మనుషులు మలచినది. అందుకే హాల్లోకి అడుగుపెట్టగానే అందరి కళ్లూ వెళ్లే తల దగ్గర కాక, వెన్ను దగ్గర గీత మొదలుపెట్టడం మంచిది.

వెన్ను గీత ఒక్కటే ఒక్క ఊపులో రావాలి. మెడ మొదటి పూస నుంచి తోక కొస దాకా పోయే ఆ వంపు కాగితం మీద కుదిరితే సగం బొమ్మ అయినట్టే. తర్వాత నాలుగు కాళ్లకూ నాలుగు నిలువు గీతలు, భుజం కీలు, తుంటి కీలు ఉన్న చోట రెండు చుక్కలు. పక్కటెముకలను ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ గీస్తే ఛాతీ చదునైపోతుంది. ముందుగా వాటన్నిటినీ కలిపి వెదురు గాదెలా ఒకే గుండ్రటి రూపంగా పట్టుకుని, దాని మీద పక్కటెముకలను బద్దల్లా చుట్టాలి. భుజపు ఎముక వెన్నుకు అతుక్కుని ఉండదు, ఆ గాదె పక్కన ఏటవాలుగా ఆనుకుని ఉంటుంది. కొత్తగా గీసేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ముందుకాలిని వెన్నుకు తగిలించినట్టు గీస్తారు, దాంతో జంతువు బల్లలా కనిపిస్తుంది.

దూరం సమస్య కూడా ఉంది. అంత పొడవైన అస్థిపంజరానికి నడుము దగ్గర నిలబడి చూస్తే తలా తోకా రెండూ వెనక్కి జారుకుంటాయి, పొట్ట ఉబ్బి ముందుకు వస్తుంది. అలా గీసిన దాన్ని పక్క చూపు అనడానికి వీల్లేదు. వెనక్కి జరగడానికి చోటు చాలనప్పుడు పక్క చూపు ఆశ వదులుకుని, ముందు నుంచి కొంచెం ఓరగా నిలబడి మెడ తన వైపు వచ్చే కోణాన్ని ఎంచుకోవాలి. పెన్సిల్‌ను చెయ్యి చాచి నిలువుగా పట్టుకుని తొడ ఎముక పొడవును కొలతగా తీసుకుంటే, కాలు ఎన్ని తొడల ఎత్తో, మెడ ఎన్ని తొడల పొడవో తేలుతుంది. ఎముకల మధ్య కనిపించే ఖాళీలు కూడా రూపాలే. పక్కటెముకల సందుల్లోని వెలుతురు ఆకారాన్ని సరిగ్గా గీస్తే పక్కటెముక దానంతట అదే సరిపడుతుంది.

హైదరాబాద్ పని ముగిశాక దారి కాజీపేట మీదుగా బల్లార్ష వెళ్లే రైలు మార్గం పట్టుకుంటుంది. మంచిర్యాల, బెల్లంపల్లి స్టేషన్లు వచ్చేసరికి కిటికీ బయట సింగరేణి బొగ్గు కనిపిస్తుంది. ఆ బొగ్గుకూ ఈ ఎముకలకూ చుట్టరికం ఉంది. ప్రాణహిత, గోదావరి నదుల వెంట భూమి పొడవాటి పళ్లెంలా కుంగి, కోట్ల ఏళ్ల పాటు ఇసుకా ఒండ్రూ అందులో నిండుతూ వచ్చాయి. అడుగు పొరల్లోని అడవులు బొగ్గయ్యాయి. పైపొరల్లో పడ్డ జంతువులు శిలాజాలయ్యాయి. పైపొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లన్నీ ఊళ్ల పేర్లే: కింది నుంచి పైకి ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట. ఎక్కడి దేశపు శాస్త్రజ్ఞుడైనా ఈ లోయ గురించి రాయాలంటే ఈ ఊళ్ల పేర్లు పలకక తప్పదు. ఇది తెలంగాణ పాఠశాల పుస్తకాల్లో ప్రముఖంగా ఉండవలసిన విషయం.

మలేరి పొరలు ఎర్రమట్టివి. ఇరవై రెండు, ఇరవై మూడు కోట్ల ఏళ్ల కిందట నదుల పక్కన పేరుకున్న మట్టి అది, మధ్యమధ్య సున్నం గులకలతో గట్టిపడిన రాతి పట్టీలు ఉంటాయి. ప్రతి వానాకాలమూ ఈ మట్టిని కొంత కోసుకుపోతుంది, కొత్త ఎముకలు తేలతాయి. కాబట్టి వానలు వెలిశాక, ఎండలు ముదరకముందు వెళ్లడమే తగిన కాలం. ఇక్కడ ఎక్కువగా దొరికిన జంతువు హైపరోడాపెడాన్, మీటరు పైచిలుకు పొడవున్న బొద్దు సరీసృపం. నాగపూర్‌లో ఉండి ఈ ప్రాంతపు ఎముకలను సేకరించిన మత ప్రచారకుడు స్టీఫెన్ హిస్లాప్ పేరు ఈ మట్టిలోనే దొరికిన ఇంకో జంతువుకు, మొసలిని పోలిన పారాసూకస్ హిస్లాపీకి, నిలిచిపోయింది.

నేల మీద వెతికేవారికి అస్థిపంజరం ఎప్పుడూ అస్థిపంజరంలా కనిపించదు. ఎర్రమట్టి మీద వెలిసిన తెలుపో, ఊదారంగో ఉన్న పెంకు ముక్క కనిపిస్తుంది. అది రాయో ఎముకో తేల్చుకోవడానికి భూతద్దం చాలు. విరిగిన అంచులో స్పంజిలాంటి సన్నని గూళ్లు ఉంటే ఎముక, ఒకే ముద్దగా ఉంటే చాలావరకు రాయి. ఎముకని తేలాక చెయ్యవలసిన పని ఒక్కటే: కదపకుండా గీయడం. ఎముక ఏ పొరలో, ఏ దిక్కుకు తిరిగి, దేని పక్కన పడి ఉందన్నది దానిలో సగం కథ. తీసి సంచిలో వేసుకున్న క్షణం ఆ సగం పోతుంది, ఆ తర్వాత ఏ శాస్త్రజ్ఞుడూ దాన్ని తిరిగి తేలేడు. గీసిన బొమ్మ పక్కన స్థలం గుర్తులు, తేదీ, ఉత్తర దిక్కు బాణం రాసి భూగర్భ సర్వే శాఖకు తెలియజేస్తే ఆ కాగితం విలువ కళాఖండాన్ని మించిపోతుంది. అడవి ప్రాంతాల్లోకి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి.

నిజానికి శిలాజాల తవ్వకంలో మొదటి చిత్రకారుడు తవ్వేవాడే. తవ్వే చోట తాళ్లు కట్టి నేలను చదరాలుగా విడదీస్తారు. ఒక్కో చదరంలో కనిపించిన ఎముకలను గళ్ల కాగితం మీద అదే కొలతలో, అదే దిక్కులో దించుతారు. చదరాలన్నీ పక్కపక్కన చేర్చితే చనిపోయిన మంద మొత్తం పై నుంచి చూసినట్టు కనిపిస్తుంది. పొడవాటి ఎముకలు ఎక్కువగా ఒకే దిక్కుకు తిరిగి ఉంటే ప్రవాహం అటువైపు సాగిందని తెలుస్తుంది. ఆ తర్వాతే ఎముకకు గోనెగుడ్డా ప్లాస్టరూ చుట్టి పైకెత్తుతారు. గీయడం నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు, ఎందుకంటే ఇక్కడ అందంగా గీయవలసిన అవసరం లేదు, తప్పు గీస్తే మాత్రం దిద్దుకునే అవకాశం లేదు.

ప్రాణహిత అంటే వార్ధా, వైనగంగ కలిసిన నీళ్లు. అది కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ సంగమానికి దగ్గర్లో, అవతలి ఒడ్డున సిరొంచ. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోనిదే అయినా సిరొంచలో తెలుగు బాగా వినిపిస్తుంది, హైదరాబాద్ నుంచి వచ్చినవారికి పరాయి రాష్ట్రమనిపించదు. కోట గ్రామం కూడా అవతలి ఒడ్డుదే. ఈ కోట పొరల్లోని సున్నపురాతి పలకల మధ్య చేపల శిలాజాలున్నాయి. లెపిడోటీస్ అనే చేప పొలుసులు మందంగా, నిగనిగలాడుతూ, ఇంటిపైకప్పు పెంకుల్లా వరుసగా అమరి ఉంటాయి. గీతల చిత్రానికి ఇది చక్కని వస్తువు. పొలుసుల వరుస ఏ వంపులో పోతుందో ఆ గీతలు ముందు లేతగా వేసుకుని, నిగనిగ ఉన్న చోట కాగితాన్ని ఖాళీగా వదిలితే చాలు. సిరొంచ దగ్గరి వడధం శిలాజ వనంలో రాయిగా మారిన చెట్ల మానులున్నాయి. ఒక మాను అడ్డుకోతను, బెరడు వైపును పక్కపక్కన గీస్తే కలప పొర రాయిలో ఎలా నిలిచిందో కంటికి తెలుస్తుంది.

ఆ మానులకూ ఇక్కడి అతి పెద్ద జంతువుకూ సంబంధం ఉంది. సిరొంచ ప్రాంతంలోని పోచంపల్లి అనే గ్రామం దగ్గర బారాపాసారస్ ఎముకలు పెద్ద చెట్ల మానులతో కలిసి దొరికాయి. చేనేత పోచంపల్లికీ దీనికీ సంబంధం లేదు. సుమారు 276 చదరపు మీటర్ల స్థలంలో దాదాపు 300 ఎముకలు, కనీసం ఆరు జంతువులవి. వరదలో మంద మొత్తం కొట్టుకుపోయి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. మొదటి ఎముకలు 1958లో కనిపించాయి, పెద్ద తవ్వకం 1961 ప్రాంతంలో జరిగింది. అది రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. 1975లో జైన్, కుట్టి, రాయ్‌చౌధురి, చటర్జీ ఆ జంతువుకు బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బారా పా అంటే పెద్ద కాలు. ఒక మహాకవి పేరూ, ఒక కాలి ఎముక కొలతా ఒకే పేరులో ఇమిడిన జంతువు ఇది. ఆ ఎముకలన్నీ కోల్‌కతా చేరాయి.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ గుంటూరు, విజయవాడ, విశాఖల మీదుగా హౌరా చేరుతుంది. రాజమండ్రి దగ్గర వంతెన దాటేటప్పుడు కింద పారే గోదావరిలో ప్రాణహిత నీళ్లూ కలిసే ఉంటాయి. మలేరి ఎర్రమట్టిలో ఎంతో కొంత ఏటా ఈ వంతెన కిందుగా సముద్రానికి పోతూనే ఉంది.

కోల్‌కతాలో మొదట చూడవలసింది బారానగర్‌లోని భారత గణాంక సంస్థ. 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ స్థాపించిన ఈ సంస్థకు అంకెలతో పని, ఎముకలతో ఏం పనని సందేహం రావచ్చు. మహలనోబిస్‌కు అన్ని శాస్త్రాలూ కొలతల మీదే నిలుస్తాయన్న నమ్మకం ఉండేది. ఆయన ఆహ్వానం మీద బ్రిటన్ నుంచి వచ్చిన పమేలా లాంప్లూ రాబిన్సన్ ఇక్కడ శిలాజ పరిశోధనకు పునాది వేశారు. ప్రాణహిత లోయలో తర్వాత తవ్విన తరమంతా ఆమె వేసిన దారిలో నడిచినదే. మలేరిలో దొరికిన మలేరిసారస్ రాబిన్సనే, ధర్మారంలో దొరికిన లాంప్లూసారా, రెండూ ఆమె పేరు మోస్తున్నాయి. ఈ ఎముకలున్న మ్యూజియం విద్యాసంస్థ ఆవరణలో ఉంది కాబట్టి ముందుగా ఉత్తరం రాసి, గీయడానికి వస్తున్నామని చెప్పి, అనుమతి తీసుకుని వెళ్లడం పద్ధతి.

1977లో ఇక్కడ నిలబెట్టిన బారాపాసారస్ దాదాపు 14 మీటర్ల పొడవు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు. దాని పక్కన నిలబడి గీసే మనిషి కంటే ఆ ఎముకే పొడవుగా ఉండవచ్చు. దీనికీ పుర్రె లేదు, దొరికినవి కొన్ని పళ్లే. కోటాసారస్‌కు తల లేకపోవడాన్ని హైదరాబాద్‌లో గమనించినవారికి ఇది వింతగా తోచదు. ఈ జాతి జంతువుల పుర్రెలు పలచన, మెడతో వాటి అతుకు బలహీనం. కళేబరం నీళ్లలో దొర్లేటప్పుడు ముందుగా విడిపోయేది తలే.

రెండు డైనోసార్లనూ ఒకే కొలతకు కుదించి ఒకే కాగితం మీద పక్కపక్కన గీయడం ఈ ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ నేర్పే పని. రెండూ కోట పొరలవే, రెండూ పొడవు మెడ శాకాహారులే. కానీ కోటాసారస్ కాళ్ల ఎముకలు సన్నం, వెన్నుపూసలు సాదా, తుంటి ఎముక పొట్టి. బారాపాసారస్ పూసల్లో పై భాగం పలచని రేకులుగా, లోపల గుల్లగా మారింది. బరువు తగ్గించుకుంటూ బలం నిలుపుకునే ఈ నిర్మాణమే తర్వాతి కాలపు మహాకాయ డైనోసార్లలో పూర్తిగా విచ్చుకుంది. చదివితే ఒక వాక్యంలో అయిపోయే ఈ తేడాను పెన్సిల్‌తో పట్టుకోవడానికి ఒక పూట పడుతుంది, పట్టుకున్నాక మాత్రం మరచిపోవడం ఉండదు.

విడి ఎముకను గీసే పద్ధతి వేరు. శాస్త్ర గ్రంథాల్లో వెలుగు ఎప్పుడూ ఎడమ పైమూల నుంచి పడుతున్నట్టు గీస్తారు. అలా అందరూ ఒకే నియమం పాటిస్తే, నీడను చూసి గుంట ఏదో గుబ్బ ఏదో ఏ దేశపు పాఠకుడైనా చెప్పగలడు. ఒకే తొడ ఎముకను ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి, వీలైతే పై నుంచి, కింది నుంచి గీసి, అన్నిటికీ ఒకే కొలగీత వేస్తారు. నీడకు పెన్సిల్ రుద్దడం కాదు, సిరా కలంతో చుక్కలు. చుక్కలు దగ్గరైన చోట చీకటి, పలచనైన చోట వెలుగు. పగులు ఎముక రూపంలో భాగం కాదు కనుక దాన్ని సన్నగా చూపాలి. ప్లాస్టర్‌తో పూడ్చిన భాగాన్ని ఏటవాలు గీతలతో నింపాలి, పూర్తిగా లేని అంచును తునకల గీతతో సూచించాలి. ఈ మూడు గుర్తులూ లేని శిలాజ చిత్రం ఎంత అందంగా ఉన్నా నమ్మదగినది కాదు.

ఇక్కడి హైపరోడాపెడాన్ పుర్రెకు తప్పకుండా సమయం కేటాయించాలి. పై నుంచి చూస్తే త్రికోణం, వెనక భాగం విపరీతంగా వెడల్పు. ముందు కొక్కెంలా వంగిన ముక్కు. పై దవడలో వరుసలు తీరిన పళ్ల పలక, దాని నడుమ నిలువునా ఒక గాడి. కింది దవడ అంచు ఆ గాడిలోకి అడకత్తెర దిగినట్టు దిగుతుంది. పక్క నుంచి గీస్తే ఇది కనిపించదు, కింది నుంచి గీస్తేనే తెలుస్తుంది. ఈ సంస్థ సేకరణలోని పారాసూకస్ ఎముకలకు ఇంకో విశేషం ఉంది. మలేరి మట్టిలో దాదాపు పూర్తిగా దొరికిన రెండు పారాసూకస్ అస్థిపంజరాల పొట్ట భాగంలో చిన్న సరీసృపాల ఎముకలు కనిపించాయి. మలేరిసారస్‌ను శాస్త్రం మొదట ఎరిగింది అలా, ఇంకొక జంతువు తిన్న ఆఖరి భోజనంగా.

కోల్‌కతా నడిబొడ్డున, చౌరంగీలో, 1814లో పుట్టిన ఇండియన్ మ్యూజియం ఉంది. ఊరివాళ్లు దాన్ని జాదూఘర్ అంటారు. డైనోసార్ల తర్వాత ఇక్కడి శివాలిక్ శిలాజాల దగ్గరికి వస్తే కాలం ఒక్కసారిగా దగ్గరవుతుంది. ఇవి హిమాలయాల పాదాల దగ్గరి కొండల్లో దొరికిన ఏనుగులు, జిరాఫీ బంధువులు, తాబేళ్లు. అద్దాల వెనక ఉన్న వాటిని గీసేటప్పుడు నేరుగా కాక కొంచెం పక్కకు నిలబడితే ప్రతిబింబం తగ్గుతుంది. ఏనుగు పుర్రెలో కళ్లు ఎక్కడో పక్కకు ఉండి, ముఖం మధ్య పెద్ద రంధ్రం కనిపిస్తుంది. అది తొండం మొదలయ్యే ముక్కు. ఈ సంగతి తెలియకుండా గీసినవారు దాన్ని ఒంటికన్నుగా పొరబడటం సహజం.

శివాలిక్ ఎముకలను 1830లలో సేకరించినవారు సహారన్‌పూర్ వృక్షోద్యానం చూసుకునే హ్యూ ఫాల్కనర్, కాలువల ఇంజనీరు ప్రోబీ కాట్లీ. వారి గ్రంథానికి జి.హెచ్.ఫోర్డ్ వేసిన రాతి అచ్చు చిత్రాలు ఎముక చిత్రకళలో ఇప్పటికీ మేలిమి ఉదాహరణలు. ఆ ఇద్దరే 1836లో ఒక వింత పుర్రెకు శివుడి పేరు మీద శివథేరియం అని పేరు పెట్టారు. కళ్ల పైన రెండు చిన్న కొమ్ములు, వెనక రెండు వెడల్పాటి పెద్ద కొమ్ములు. ముక్కు ఎముకల తీరు చూసి దానికి చిన్న తొండం ఉండేదని వారు తలచారు, ఆ తర్వాత వేసిన బొమ్మల్లో తొండమూ వచ్చింది. ఇప్పుడది జిరాఫీ కుటుంబానిదని తేలింది, తొండం పోయింది. పుర్రె మాత్రం 1836లో ఎలా ఉందో అలాగే ఉంది.

ఈ కారణంగానే అనుభవమున్న చిత్రకారులు ఎముకను మందపాటి కాగితం మీద సిరాతో గీసి, కండలూ చర్మమూ వేరే ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో వేసి పైన అతికిస్తారు. కోటాసారస్ తలా, బారాపాసారస్ తలా, శివథేరియం ముక్కూ ఆ పైకాగితం మీద ఉండవలసినవే. రేపు ప్రాణహిత ఒడ్డున ఒక పుర్రె దొరికితే పైకాగితం తీసి కొత్తది వేసుకుంటారు, కింది బొమ్మ చెదరదు.